పనిచేయదు, అలంకారానికి పనికొస్తుంది

మా అక్క బడి వరండాలో దాతల పేర్ల బోర్డు ఒకటుంది. నీలం రంగు వేసి తెల్లటి అక్షరాలతో రాయించారు. అందులో పైనుంచి ఐదో పేరు నాది. పక్కనే 'వరుసగా ఆరేళ్ళు' అని కూడా ఉంది. అక్కడికి ఎప్పుడు వెళ్ళినా చెప్పులు సర్దుకునే నెపంతో బోర్డు ముందు ఆగి, ఆ పేరు ఓసారి చదువుకుని గానీ లోపలికి అడుగు పెట్టేవాణ్ణి కాదు. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే ఇంకాస్త నెమ్మదిగా సర్దుకునేవాణ్ణి.

అది చెవులు వినపడని పిల్లల బడి. అక్క హెడ్మిస్ట్రెస్. ఏడాదికోసారి బడి హాల్లో వేలం పెడతారు. తెలిసినవాళ్ళు ఇళ్ళలోని పాత వస్తువులు ఉచితంగా ఇస్తారు. వచ్చినవాళ్ళు వాటిని పాడుకుంటారు. ఆ డబ్బుతో పిల్లలకు చెవి మిషన్లు కొంటారు. పాడుకున్నవాళ్ళ పేర్లు దాతల బోర్డుకెక్కుతాయి. ఆ హాల్లో చప్పట్లు కొట్టరు. కొట్టినా సగం మందికి వినపడవు కనక, రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడిస్తారు. సుత్తి దెబ్బలకు బదులు అక్క టేబుల్ లైటును మూడుసార్లు వెలిగించి ఆర్పుతుంది. మూడోసారి ఆరితే వస్తువు అమ్ముడైపోయినట్టు.

మొదటి ఏడు వెళ్ళినప్పుడు, ఈ పద్ధతి నాకూ తెలుసని చాటుకోవాలన్న ఉబలాటం కొద్దీ, నిలువుటద్దానికి ఎవరో మంచి ధర చెప్పగానే రెండు చేతులూ ఎత్తి గబగబా ఆడించాను. లైటు మూడుసార్లు ఆరింది. అద్దం నాదైపోయింది. 'ఒక్క చెయ్యి చాలక రెండూ ఎత్తాడు, పాపం ఎంత మోజు పడ్డాడో' అనుకుందట అక్క. పాట పాడేవాళ్ళు అంకె వేసిన అట్టముక్క ఎత్తాలి, చేతులు మెచ్చుకోడానికి మాత్రమే అన్న నిబంధన ఆ మరుసటేడు వచ్చింది. ఆ బడి చరిత్రలో నా వల్ల జరిగిన ఏకైక సంస్కరణ అదే.

అద్దాన్ని రిక్షాలో ఇంటికి తెస్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది.

"మిమ్మల్ని మీరు నిలువెత్తున చూసుకోవాలని ఇప్పుడు సరదా పుట్టిందా?"

ఆ మాట పడలేక వారంలోగా దాన్ని అమ్మేశాను. కొన్నదానికి రెట్టింపు వచ్చింది. బోర్డు మీద పేరు, జేబులో డబ్బు, రెండూ ఒకే అద్దంతో వచ్చాయి. నా కళ్ళు తెరుచుకున్నది ఆ రోజే. మూసుకున్నది కూడా ఆ రోజేనని తెలియడానికి ఆరేళ్ళు పట్టింది.

నేను గడియారాలు బాగుచేస్తాను. బస్టాండు వెనక సందులో, జిరాక్సు కొట్టుకీ మందుల షాపుకీ మధ్య, ఒక కుర్చీ పట్టేంత దుకాణం. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దుటినుంచీ వంగి కూర్చుంటాను. అక్క బడి పిల్లలు ఒక్కొక్కరికీ ఒక్కో సైగ పేరు పెడతారు. పిడికిలి కంటి మీద పెట్టుకుంటే అది నేను. పాత వస్తువుల సంగతి తెలిసినవాణ్ణి ఇంట్లోనే పెట్టుకుని బయటివాళ్ళను అడగడమెందుకని, వేలానికి వచ్చిన ప్రతిదాని మీదా అది ఏమిటో, ఎంత చేస్తుందో చీటీ రాసి అంటించే పని అక్క నాకు అప్పగించింది. ఆ చీటీ చూసే జనం పాడేవాళ్ళు.

అంటే చీటీ రాసేది నేనే, అట్ట ఎత్తేది నేనే, ఇంటికి తెచ్చి తుడిచి అమ్మేది నేనే. ఒక పెన్ను, ఒక కెమెరా, ఒక ఇత్తడి దూరదర్శిని అలాగే నా చేతుల మీదుగా వెళ్ళాయి. చీటీలో అబద్ధం రాసేవాణ్ణి కాదు. అంత నీచుణ్ణి కాదని నా నమ్మకం. ఉన్నది రాసేవాణ్ణి, కాకపోతే ఉన్నదంతా రాసేవాణ్ణి కాదు. మూత మీద గీత పడింది అని రాసేవాణ్ణి. ఆ గీత పడిన పెన్ను ఇప్పుడెక్కడా దొరకదని రాయడానికి చీటీలో చోటుండేది కాదు. చీటీలు కత్తిరించేది కూడా నేనేననుకోండి.

"బడి అడిగినంత ఇచ్చి కొన్నాను. కొన్నాక అది నా సొత్తు. అమ్ముకుంటే తప్పేంటి?" అని ఓ రోజు మా ఆవిడను అడిగాను.

"నేనేమైనా తప్పన్నానా? మీరే వారానికోసారి అడుగుతున్నారు" అంది ఆవిడ.

పోయినేడు వేలానికి రెండు రోజుల ముందు నేను అక్క గదిలో కూర్చుని చీటీలు రాస్తున్నాను. గోడ మీద చెవి మిషన్లు కావలసిన పిల్లల జాబితా ఉంది. పన్నెండు పేర్లు. చివరిది ఆ ఏడే చేరిన మూడున్నరేళ్ళ పిల్లది. బడి వ్యానులో డ్రైవరు పక్కన కూర్చోకపోతే ఏడుస్తుందని దానికి 'ముందుసీటు' అని పేరు పడిపోయింది.

"పదకొండు మందికి ఎలాగో సరిపోతుందిరా. ముందుసీటుకే అనుమానం" అంది అక్క. "మిగతావాళ్ళు ఓ ఏడు ఆగినా ఏదోలా నెట్టుకొస్తారు. దాని వయసుకి ఏడాది అంటే చాలా ఎక్కువ. ఇప్పుడు వింటేనే మాట వస్తుంది. కానీ ముందు చేరినవాళ్ళని దాటించి దానికెలా ఇవ్వను?"

"అయ్యో" అన్నాను. నిజంగానే బాధపడి అన్నాను. అది గుర్తుచేసుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

అప్పుడే వ్యాను డ్రైవరు వచ్చాడు. జేబురుమాలు విప్పి ఒక చేతి గడియారం టేబుల్ మీద పెట్టాడు.

"మా మామగారిది సార్. ఓడల్లో పనిచేసేవాడు. ఆగిపోయి ఇరవై ఏళ్ళయింది. మా ఆవిడే ఇమ్మంది. ముందుసీటు సంగతి రోజూ ఇంట్లో చెప్తుంటాను కదా, దానికి ఏమైనా పనికొస్తుందేమో చూడమంది."

అతను వెళ్ళాక, అక్క కూడా ఏదో పని మీద బయటికెళ్ళాక, వెనక మూత తీసి చూశాను. ఆ గడియారం కంపెనీ ఆ రకం యంత్రాన్ని రెండేళ్ళు మాత్రమే చేసి, గిట్టుబాటు కాక మానేసింది. ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాల్లో బొమ్మ చూడ్డమే తప్ప, చేత్తో పట్టుకోవడం అదే మొదలు. లోపల ఒక సన్నటి స్ప్రింగు తెగింది, అంతే. మూత బిగించాను. చీటీ తీసుకున్నాను. 'పాత చేతి గడియారం. పనిచేయదు, అలంకారానికి పనికొస్తుంది' అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

పనిచేయని గడియారం ఎవరికి కావాలి? ఆరువందలకు నేనొక్కణ్ణే అట్ట ఎత్తాను. 'పనికిరాని వస్తువును కూడా బడి కోసం కొంటున్నాడు చూడు' అన్నట్టు హాలంతా చేతులెత్తి వేళ్ళు ఆడించింది. వెనక నుంచి డ్రైవరు మరీ ఎక్కువ ఆడించాడు. నేను లేచి వినయంగా తల కూడా వంచాను.

ఆ ఏడు పదకొండు మందికే మిషన్లు వచ్చాయి. ముందుసీటు పేరు కొత్త జాబితాలో మొదటికెక్కింది.

గడియారం మూడు రోజుల్లో నడిచింది. దాన్ని పట్టుకెళ్ళి ఒక పళ్ళ డాక్టరుకి చూపించాను. ఆయనకు పాత వాచీలంటే ప్రాణం. లక్షా ఇరవై వేలు చెప్పాను. ఆయన తటపటాయించాడు. అప్పుడు నా నోరు దానంతటదే ఒక మాట అంది.

"ఇది చెవులు వినపడని పిల్లల బడి వేలంలోంచి వచ్చింది డాక్టరుగారూ."

అందులో అబద్ధం ఉందా? లేదు. వేలంలోంచే వచ్చింది. మిగతాది ఆయన అనుకున్నాడు. బేరం మాని, చెక్కు రాసి, నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ డబ్బులో కొంత పెట్టి వాషింగ్ మెషీన్ కొన్నాను. మా ఆవిడ అది తిరుగుతున్నంతసేపూ పక్కన నిలబడి చూసి, "మూడు జతల మిషన్లొచ్చే డబ్బు కదూ అది? మనకి ఒకటే వచ్చింది" అంది. నేను వినపడనట్టు పేపరు తిరగేశాను. ఇంట్లో ఆ విద్యలో నాకు సాటి లేదు.

ఏడాది గడిచింది. ఈసారి వేలానికి మూడు రోజుల ముందు ఆహ్వానపత్రిక చేతికొచ్చింది. ముఖ్య అతిథి పళ్ళ డాక్టరు. అక్క పన్ను పీకించుకోడానికి వెళ్ళి, మాటల్లో బడి సంగతి చెప్తే, ఆయనే సంతోషంగా వస్తానన్నాడట.

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను.

"ఆ వాచీకి సర్వీసింగ్ టైమైంది డాక్టరుగారూ. ఓ వారం నా దగ్గర ఉంచితే మంచిది."

"ఆదివారం అయ్యాక ఇస్తానండీ. ఆ రోజు బడికి పెట్టుకెళ్ళాలి కదా."

"వర్షాలు పడేలా ఉన్నాయి. తడి తగిలితే..."

"ఇన్‌డోర్ ప్రోగ్రామేగా" అన్నాడు ఆ మహానుభావుడు.

ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే పడుకుందామనుకున్నాను. కానీ చీటీలు రాసినవాడు రాకపోతే అక్క కారు పంపిస్తుంది. వెళ్ళాను. బోర్డు దగ్గర ఆగలేదు. తేలు కుట్టిన దొంగలా మూడో వరసలో, స్తంభం పక్కన కుర్చీ చూసుకుని కూర్చున్నాను.

డాక్టరు మైకు ముందు నిలబడ్డాడు. పక్కనే అక్క, ఆయన మాటల్ని పిల్లల కోసం సైగల్లోకి మారుస్తోంది. ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి, వాచీ అందరికీ చూపించాడు.

"ఇది ఈ బడిదే. పోయినేడు మీ వేలంలో ఉన్న వాచీ. మన గడియారాలాయన దగ్గర లక్షా ఇరవై వేలకి తీసుకున్నాను. నిజం చెప్పాలంటే ఎక్కువనిపించింది. కానీ పిల్లల బడిది అన్నాక ఇంక బేరం చేయబుద్ధి కాలేదు. ఆ డబ్బు ఈ పిల్లల చెవుల దాకా చేరిందంటే నాకు అంతకంటే ఏం కావాలి?"

అక్క చేతులు గాలిలో ఆగిపోయాయి. అంకె దగ్గర ఆగాయి. ఏదో మర్చిపోయిందనుకుని డాక్టరు ఆమెకేసి తిరిగి, "లక్షా ఇరవై వేలు" అని మళ్ళీ నెమ్మదిగా చెప్పాడు. అక్క నాకేసి చూడలేదు. ఆ అంకెను ఒక్క సున్నా తగ్గకుండా వేళ్ళతో చూపించింది. తర్వాత పిడికిలి కంటి మీద పెట్టుకుంది. నా పేరు చెప్పింది.

హాలంతా చేతులు లేచాయి. అన్నీ నాకేసే ఆడుతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే చివరి బెంచీ మీద డ్రైవరు, అతని ఒళ్ళో ముందుసీటు. ఆ పిల్లకు వేళ్ళు ఆడించడమంటే మహా సరదా. రెండు చేతులూ తల మీదకెత్తి ఆపకుండా ఆడిస్తోంది. డ్రైవరు చేతులు మాత్రం ఆ పిల్ల నడుం చుట్టూ అలాగే ఉన్నాయి. నాకు బతికుండగానే సిగ్గుతో ప్రాణం పోయింది.

వేలం అయ్యాక అక్క గదిలోకి పిలిచింది. అరుస్తుందేమోనని సిద్ధపడి వెళ్ళాను. అరిచిన మనిషికి జవాబు చెప్పడం సులువు. ఆమె బీరువాలోంచి ఒక ఫైలు తీసింది. ఏళ్ళ తరబడి నేను రాసిన చీటీలన్నీ అందులో ఉన్నాయి. ఒకటి తీసి నా ముందు పెట్టింది.

"ఇది మూత తీసి చూశాక రాశావా, తీయకముందు రాశావా?"

దారి పొడుగునా నేను తయారుచేసుకున్న జవాబులు చాలా ఉన్నాయి. నా పనితనం, నా కన్ను, నేను పెట్టిన డబ్బు, బాగుపడకపోతే పోయేది నా సొమ్మేగా, ఇలాంటివి. ఆమె అడిగినదానికి వాటిలో ఒక్కటీ పనికిరాలేదు.

"తీశాకే" అన్నాను.

"వేలంలో కొన్నది అమ్ముకుంటే నాకేం బాధ లేదురా. కొన్నవాడి ఇష్టం. తెలియక తక్కువకి పోతే అది మా ఖర్మ. కానీ మాకు తెలియజెయ్యాల్సినవాడివి నువ్వే కదా. పైగా బయటికెళ్ళి మా పేరు చెప్పి అమ్మావు." ఫైలు మీద చెయ్యి వేసింది. "మిగతావి కూడా ఒక్కోటీ అడగనా?"

"వద్దక్కా."

"ఎందుకొద్దు?"

ఆమె ఫైలు మూసి, పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. మా అమ్మ పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి.

బయట వ్యాను దగ్గర డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు. తిట్టించుకుందామనే వెళ్ళాను. అతను ఆ ముచ్చట కూడా తీర్చలేదు.

"నేనిచ్చింది బడికి సార్, ఆగిపోయిన వాచీ. మీరు నడిపించారు. మీ కష్టం మీది. దాంట్లో నాకు అడిగే హక్కేం లేదు." గుడ్డ పిండి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. "ఒకటే సార్. పొద్దున్నే గేటు దగ్గర హారన్ కొడతాను. పిల్లలందరూ తిరిగి చూస్తారు. ఏడాదినుంచీ అదొక్కత్తే చూడదు. దిగి, వెళ్ళి, భుజం తట్టి తీసుకొస్తాను."

మర్నాడే నా సొంత వాచీలు పదహారు అమ్మేశాను. లక్షా ఇరవై వేలూ, దాని మీద ఆరేళ్ళ పెన్నూ కెమెరా వగైరాల లాభమూ లెక్క కట్టి అక్క చేతిలో పెట్టాను. సినిమాల్లోలాగా విసిరికొడుతుందేమోనని భయపడ్డాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టి రసీదు ఇచ్చింది.

"చీటీలు వచ్చే ఏడు కూడా నువ్వే రాయి. నీకంటే తెలిసినవాళ్ళు లేరు. అట్ట మాత్రం నీకివ్వను" అంది.

డాక్టరుకు కూడా సంగతంతా చెప్పేశాను. నా పళ్ళు ఇప్పుడు వేరే డాక్టరు చూస్తున్నాడు.

ముందుసీటుకు మిషన్లు పెట్టించే రోజున నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. చేసిన మంచిపని కళ్ళారా చూసుకోవాలన్న దురద ఇంకా చావలేదు. ఆ పిల్ల తల్లి చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. గాజు గదిలో వినికిడి డాక్టరమ్మ పిల్ల చెవులకు మిషన్లు అమర్చి, వెనక నుంచి చిన్న డప్పు కొట్టింది. పిల్ల ఉలిక్కిపడి, తల్లి కొంగు పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. తల్లి నవ్వుతూ ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి. నా మొహానికి అదొకటి.

"మొదట్లో అలాగే భయపడుతుందమ్మా. అలవాటు పడనివ్వండి" అంది డాక్టరమ్మ. "నిరుడే తెచ్చి ఉంటే ఈపాటికి నాలుగు మాటలు వచ్చుండేవి. ఇప్పుడు కాస్త ఎక్కువ కష్టపడాలి. చూద్దాం."

"నిరుడు బడిలో డబ్బు సరిపోలేదండీ. పాపం పెద్ద మేడంగారు ఎంతో ప్రయత్నించారు" అని ఆ తల్లే డాక్టరమ్మకు సంజాయిషీ చెప్పుకుంది.

బయట బెంచీ దగ్గరికి వచ్చాక నావైపు తిరిగింది. "మీరే ఇప్పించారని డ్రైవరన్న చెప్పాడు. మీ మేలు మర్చిపోను బాబుగారూ. రోజూ మీ పేరు తలుచుకుంటాను."

డ్రైవరు అంతే చెప్పాడు. మిగతాది చెప్పలేదు. పొగడ్త పుచ్చుకోవడం నాకు కొత్త కాదు, కాస్త తల వంచి చిన్నగా నవ్వితే సరిపోయేది. ఈసారి అది మింగుడుపడలేదు. అంతా చెప్పేశాను. గడియారం, మూత, చీటీ, డాక్టరు, ఇంట్లో తిరుగుతున్న వాషింగ్ మెషీన్, ఏదీ దాచలేదు. చెప్తున్నకొద్దీ ఒళ్ళు తేలికైంది. చివరికొచ్చేసరికి 'చూడు, ఎంత నిజాయితీగా ఒప్పుకుంటున్నాడో' అని నాలో ఎవడో మెచ్చుకుంటున్నాడు కూడా.

ఆవిడ పిల్ల చెవి దగ్గరి మిషన్‌ను సర్దింది.

"ఇప్పుడెందుకు చెప్పారు నాకు?" అంది. "డబ్బు లేక ఆలస్యమైందనుకున్నాను. మా రాత అనుకుని ఊరుకున్నాను. మీ పేరు తలుచుకుని హాయిగా ఉండేదాన్ని. ఇప్పుడు రాత్రిళ్ళు నాకు నిద్ర పడుతుందా?"

నా మనసు తేలికైన మాట నిజమే, ఆ బరువు వెళ్ళి ఆవిడ నెత్తిన కూర్చుంది. నిజం చెప్పి కూడా నేనే బాగుపడ్డాను.

"అందరిలాగా నాకెందుకు మాటలు రావు అని ఇది పెద్దయ్యాక అడుగుతుంది. అప్పుడు ఈ సంగతి ఎవరు చెప్పాలి? నేనా, మీరా?"

"నేనే చెప్తానమ్మా."

"అయితే ఆ సైగలు నేర్చుకోండి" అంది, పిల్లను చంకనెత్తుకుంటూ. "దీనికి మాట వస్తుందో రాదో ఇంకా తెలీదు."

బడిలో పెద్దవాళ్ళకు సైగలు నేర్పే క్లాసు శనివారాలు ఉంటుంది. వెళ్తున్నాను.